అరుగు మీది బడి, దొరగారి లెక్క

పోయిన సంక్రాంతికి మా సోమలలో పాతయింటి అటక బూజు దులిపిస్తుండగా వొక కొయ్యపెట్టె బయటపడింది. మా తాతగారిది. తాళంచెవి యెప్పుడో పోయింది. వడ్రంగిని పిలిచి మూత వూడదీయించినాము. బంగారం వుంటుందని ఆడవాళ్ళు, పొలం కాగితాలు వుంటాయని మగవాళ్ళు చుట్టూ చేరినారు. లోపల వున్నవి రెండు ఇనుప గంటాలు, వొక విరిగిన పీటకోడు (యెందుకు దాచినారో ఆయనకే తెలియాలి), గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం వొకటి. అందరూ నిరాశపడి యెవరి పనిమీద వారు వెళ్ళిపోయినారు. పుస్తకం నా వొళ్ళో మిగిలింది.

బెంగుళూరు నుంచి వచ్చిన మా మనమరాలు నా భుజం మీదుగా తొంగిచూసి, "తాతా, యిది యే భాష?" అన్నది.

"తెలుగేనమ్మా."

"అయితే చదువు."

అక్కడ వచ్చింది చిక్కు. నేను మదనపల్లెలో బి.ఏ. చదివినవాణ్ణి. షేక్స్పియరు నాటకాలలో వొకటి నేటికీ సగం నోటికి వచ్చు. ఇంగ్లండు రాజుల పేర్లు వరసగా చెప్పమంటే కొంతదూరం తడబడకుండా చెప్పగలను. అటువంటివాణ్ణి, మా తాత స్వహస్తంతో వ్రాసిన తెలుగు పుట వొక్కటి చదవలేకపోయినాను. అది గొలుసుకట్టు వ్రాత. కలం యెత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకొంటూ పోతుంది. మాటకూ మాటకూ నడుమ యెడం వుండదు. ఇక అంకెల సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు అంకెలు సరే, వాటి పక్కన చిన్న చిన్న గీతలు, వంకరలు. వీసం అంటే పదహారో వంతనీ, పరక అంటే యెనిమిదో వంతనీ, కాని అంటే అరవైనాలుగో వంతనీ మాటగా విన్నాను. "వీసమెత్తు బుద్ధి లేదు" అని నన్ను తిట్టినవాళ్ళూ వున్నారు. ఆ వీసాన్ని గుర్తుగా కాగితం మీద చూస్తే మాత్రం పోల్చుకోలేకపోయినాను.

ఆ సాయంకాలం అయ్యవారు వచ్చినాడు. మా వూళ్ళో అయ్యవారంటే ముప్పై అయిదేండ్లు పిల్లలకు పాఠం చెప్పి రిటైరైన మాస్టరు. బోర్డు బడిలో నాకు జతగాడు. ఆయన తండ్రి మా తాత దగ్గర జీతానికి వుండినవాడు. పుస్తకం సంగతి విని, కుర్చీ దగ్గరికి లాక్కొని, కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

"అన్నా, అందులో మా నాయన పేరు వుండాదేమో చూడు" అన్నాడు చివరకు. "అప్పు తీరిందో లేదో ఆయనకు సచ్చేదాకా తెలీదు. వేలిముద్ర వెయ్యమంటే యేసినాడు. యేం రాసినారో చదివి చెప్పేదానికి మా యింట్లో యెవురుండారు?"

యెవరిచేతనైనా చదివించి చెబుతానని మాట యిచ్చినాను. యీ వ్యాసం ఆ మాటలోనుంచే పుట్టింది. మా తాతకు వచ్చిన చదువు నాకెందుకు రాలేదు? అయ్యవారి తండ్రికి యే చదువూ యెందుకు రాలేదు? యీ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ పోతే, దారి కుంఫిణీ దొరల కచేరీలోకి తీసుకుపోయింది.

మా తాత చదివింది అరుగు బడిలో. ఆ రోజుల్లో బడి అంటే ప్రత్యేకంగా వొక కట్టడమేమీ కాదు. పంతులుగారి యింటి అరుగో, దేవళం ముందరి మంటపమో, చింతచెట్టు నీడో. అయిదో యేట మంచిరోజు చూసి విఘ్నేశ్వరపూజ చేసి, పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టి అక్షరాలు దిద్దించేవారు. తరువాత యిసుక. యిసుకలో చేయి తిరిగితే తక్కినవి. తాను చీకటితోనే లేచి బడికి పరుగెత్తేవాడినని మా తాత చెప్పేవారు. యెందుకంటే, అందరికన్న ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసేవాడట. రెండోవాడి చేతిలో సున్న. వాడు మెప్పుకూ కాడు, తిట్టుకూ కాడు. మూడోవాడికి బెత్తంతో మెత్తగా వొక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా వెనకబడినకొద్దీ వొక్కొక్క దెబ్బ పెరుగుతుంది.

మమ్మల్ని పెందలాడే నిద్రలేపడానికి తాత కల్పించిన ముచ్చట యిది అనుకొనేవాణ్ణి. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసిన నివేదిక యీ మధ్య నా కంటబడింది. సరస్వతి పేరూ, సున్నా, పెరిగే దెబ్బలూ అచ్చు దిగినట్టు అందులో వున్నవి! బడి పిల్లలను మోకాళ్ళు వంచి లేస్తూ వుండమంటారని కూడా ఆ దొర వ్రాసినాడు. గుంజిళ్ళు అనే మాట ఆయనకు తెలియక కాదు. తెలుగుకు వ్యాకరణం వ్రాసి 1816 లో అచ్చు వేయించినవాడే ఆయన. సీమలో చదివేవాళ్ళకు తెలియదని అట్లా విప్పి చెప్పినాడు కాబోలు.

ఆ నివేదిక వ్రాయించినవాడు సర్ తామస్ మన్రో. మన రాయలసీమవాళ్ళకు ఆయనను పరిచయం చేయనక్కరలేదు. 1800 లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి అప్పగిస్తే, 1807 వరకూ వాటికి పెద్ద కలెక్టరుగా వుండి, పొలాలు కొలిపించి శిస్తులు కట్టినవాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న యిండ్లు కూడా కద్దు. 1820 లో మద్రాసు గవర్నరై వచ్చినాడు. 1822 లో ప్రతి కలెక్టరుకూ తాఖీదు పోయింది. మీ జిల్లాలో బళ్ళు యెన్ని, పిల్లలు యెందరు, వారు యే కులాలవారు, యే పుస్తకాలు చదువుతారు, పంతులుకు యేమి ముట్టుతుంది, అన్నీ వ్రాసి పంపమని.

పొలాన్ని కొలిచినవాడే చదువునూ కొలిచినాడన్న మాట. మన్రో చెడ్డవాడని నేననను. ప్రజలకు యేమి తెలుసునో తెలియకుండా వారిని పాలించడం యెట్లా అన్నది ఆయన ఆలోచన. ఆ ఆలోచనలో దయ కూడా కొంత వుంది. కాని లెక్క అంటూ వొకసారి దస్త్రంలోకి యెక్కితే, అది యెవరి చేతిలో పడుతుందో లెక్క పెట్టినవాడికే తెలియదు.

ఆనాడు మన మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు ఉత్తరార్కాటు జిల్లాలో వుండేవి. 1911 లో చిత్తూరు జిల్లా యేర్పడిన తరువాతనే అవి వొక్క గొడుగు కిందికి వచ్చినవి. కడప కలెక్టరు తన జవాబులో వొక విశేషం వ్రాసినాడు. చదువు కోసం యిల్లు విడిచి దూరపు వూళ్ళకు పోయే పేద బ్రాహ్మణ బాలురకు ఆ వూళ్ళవాళ్ళే యేండ్ల తరబడి అన్నం పెడతారట. అదీ యే ప్రతిఫలమూ ఆశించకుండా. దొరకు ఆశ్చర్యం వేసింది. మనకు అది వారాలబ్బాయి సంగతి.

అన్ని జిల్లాల జవాబులూ చేరిన తరువాత 1826 మార్చి 10వ తేదీన మన్రో మొత్తం తేల్చినాడు. మద్రాసు రాజధాని జనాభా 1,28,50,941. బళ్ళు 12,498. చదివే పిల్లలు 1,88,650 మంది. అంటే వెయ్యిమందికి వొక బడి. ఆడపిల్లలు బడికి రావడం బహు అరుదు గనుక వారిని తీసివేస్తే అయిదువందల మందికి వొకటి. వొక్క బళ్ళారి సంగతే చూడండి. అనంతపురం కూడా అప్పుడు అందులోదే. మొత్తం 533 బళ్ళు. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీవి 23, పారశీకానివి 21, అరవానివి 4, సంస్కృత శాస్త్రాలకు వేరుగా 23. ఇంగ్లీషు చెప్పే బడి వొకే వొక్కటి!

యీ అంకెలమీద తరువాత పెద్ద యుద్ధమే నడిచింది. 1931 లో గాంధీజీ లండనులో మాట్లాడుతూ, యాభై నూరేండ్ల కిందటికన్న నేటి భారతదేశంలోనే చదువురానివారు యెక్కువ అన్నారు. విద్యాశాఖలలో పండిపోయిన సర్ ఫిలిప్ హార్టాగ్ రుజువు చూపమని పట్టుబట్టినాడు. వుత్తరాలు యేండ్లకొద్దీ నడిచినవి. చివరకు ధరంపాల్ అనే పరిశోధకుడు ఆ కలెక్టర్ల జవాబులన్నీ వెలికి తీసి 1983 లో అచ్చు వేయించినారు. అందువల్లనే కాంబెల్ మాటలు నావంటివాడి కంటబడినవి.

మధ్యలో వొక ముచ్చట చెప్పకపోతే తోచదు. 1789 లో మద్రాసు ఎగ్మూరులో, తెల్లసిపాయిల అనాథ పిల్లల బడికి ఆండ్రూ బెల్ అనే పాదిరి పెద్దగా వున్నాడు. మన పిల్లలు యిసుకలో వ్రాయడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం చూసి, ఆ పద్ధతి తన బడిలో పెట్టి, 1797 లో ఇంగ్లండులో పుస్తకం వేసినాడు. ఆ దేశపు పేదపిల్లలు యెందరో ఆ పద్ధతిలో చదువుకొన్నారు. దాని పేరే మద్రాసు పద్ధతి. అరుగు బడి చవక చదువును వాళ్ళు కళ్ళకద్దుకొని తీసుకుపోయినారు. మనకు యిచ్చింది వేరు.

బళ్ళు తగ్గిపోతున్నవని కాంబెల్ 1823 లోనే వొప్పుకొన్నాడు. కారణం కూడా దాచలేదు. సీమనూలు బట్టలు వచ్చి నేతగాళ్ళ కడుపు కొట్టినవి, దేశం డబ్బు దేశంలో నిలవడం లేదు, మునుపు బళ్ళున్న పల్లెలలో యిప్పుడు లేవు, పంతులుకు యిచ్చే నాలుగు గింజలూ తండ్రుల దగ్గర లేవు. కుంఫిణీ వుద్యోగి వ్రాసిన మాటలివి! బీదరికం వల్ల చదువు పోయిందని చెప్పినవాడు, ఆ బీదరికం యెవరివల్ల వచ్చిందో కూడా అంతగా దాచుకోలేదు. అదే పెన్నుతో యింకొక మాట కూడా వ్రాసినాడు. పిల్లలు పద్యాలు చిలకల్లా వల్లిస్తారు గాని అర్థం చెప్పేవాడు లేడని. అది మాత్రం అబద్ధమని యెట్లా అనగలం?

యీ సంగతులన్నీ మహా వుత్సాహంతో అయ్యవారికి చదివి వినిపించినాను. వెయ్యిమందికి వొక బడి వుండిందయ్యా మన దేశంలో, అని. ఆయన చుట్ట ఆర్పి, "ఆ బళ్ళారి పిల్లోళ్ళు మొత్తం యెంతమంది?" అన్నాడు.

"6,641."

"ఆడబిడ్డలు?"

చూసినాను. అరవైమంది.

"మావాళ్ళు?"

నేను కాగితాలు తిరగేస్తూ వుండిపోయినాను. "యెతకబాకన్నా" అన్నాడాయన. "మీ తాత అరుగు మింద మావాళ్ళకి చోటు యాడుండింది? మా పెదనాయనకు అ ఆలు వచ్చింది మిషనోళ్ళ బడిలో. నాకు వచ్చింది బోర్డు బడిలో. తెల్లోడు మంచోడని నేననను. మీ అరుగు మంచిదని నువ్వు అనబాక."

నిజమే. పాత బడిని పొగడే వ్యాసాలు నేను చాలా చదివినాను. అరుగు కింద నిలబడినవాణ్ణి గురించి వాటిలో వొక వాక్యమైనా వుండదు. నేనూ అదే తోవన పోబోయినాను.

సరే, అరుగు బడి యెట్లా పోయింది? యెవరూ వచ్చి తాళం వేయలేదు. అరుగుకు తాళం యెక్కడ వేస్తారు? జిల్లాకు రెండు పెద్ద బళ్ళు, తాలూకాకు వొక చిన్నబడి పెట్టి, యేటా 48,000 రూపాయలు ఖర్చు చేయాలని మన్రో యేర్పాటు చేసినాడు. 1827 లో పత్తికొండ దగ్గర కలరా వచ్చి ఆయన పోయినాడు. 1835 ఫిబ్రవరిలో మెకాలే కలకత్తాలో తన ప్రఖ్యాతమైన పత్రం వ్రాసినాడు. ప్రజలందరికీ చదువు చెప్పే స్తోమతు మనకు లేదు గనుక, మనకూ వారికీ నడుమ దుబాసీలుగా వుండేందుకు వొక తరగతిని ఇంగ్లీషులో తయారు చేద్దాము, అన్నది దాని సారం. ఆ మరుసటి యేడే మన్రో పెట్టిన బళ్ళు మూతపడినవి.

అయితే జనాన్ని లాగింది మెకాలే పత్రం కాదని నా అనుమానం. వొక పూట కూటికి లేనివాడు పత్రాలు చదివి మనసు మార్చుకోడు. 1844 లో గవర్నరు జనరలు హార్డింజి, సర్కారు నౌకరీలకు ఇంగ్లీషు చదివినవారినే ముందు తీసుకోవాలని ఉత్తరువు చేసినాడు. అదీ అసలు కళ్ళెం. 1854 లో చార్లెస్ వుడ్ లండను నుంచి పంపిన విద్యాపత్రంతో గ్రాంట్లు వచ్చినవి. 1857 లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. ఆ యూనివర్సిటీ మొదట్లో పాఠం చెప్పేది కాదు, పరీక్ష మాత్రం పెట్టేది. చూడండి యెంత చవక బేరమో! లక్షమంది పంతుళ్ళను నియమించనక్కరలేదు. చివర వొక గుమ్మం కట్టి, దాని దగ్గర వొక బిళ్ళబంట్రోతును నిలబెడితే చాలు. తక్కిన దారి అంతా జనమే వేసుకొని వస్తారు.

1860ల నుంచి అరుగు బళ్ళకు కూడా ఫలితాన్ని బట్టి గ్రాంటు యిచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష చేసి, యెందరు పిల్లలు గట్టెక్కితే అంత డబ్బు. మా తాత బడికి అట్లా వచ్చిన ఇన్‌స్పెక్టరు సంగతి ఆయన చెబితే మేము పడిపడి నవ్వేవాళ్ళం. పంతులు కొత్త పంచె కట్టి, అరుగు అలికించి, పిల్లలందరి నోటా దండం పెట్టడం వల్లె వేయించినాడట. ఇన్‌స్పెక్టరు అచ్చుపుస్తకం తెరిచి చదవమన్నాడు. గొలుసుకట్టుకు అలవాటుపడిన పిల్లలు, విడివిడిగా నిలబడిన అచ్చు అక్షరాలను చూసి నోరు వెళ్ళబెట్టినారు. వీసాల లెక్క మనసులో కట్టి యిట్టే చెప్పే మా తాతను, పలకమీద వొక కూడిక ఇంగ్లీషు అంకెలలో వేయమన్నాడు. తప్పింది. ఆ యేడు పంతులుకు గ్రాంటు రాలేదు. మా నాయన యీడుకు వచ్చేసరికి మా తాతే ఆయనను అరుగుకు పంపక, బోర్డు బడికి, అటుపై పుంగనూరుకు పంపినారు. యెవరి బలవంతమూ లేదు. కొడుకు గుమాస్తా కావాలని కోరుకొన్న తండ్రి తాను చేయగలిగిందే చేసినాడు. ఆనాడు నవ్వినవాణ్ణే యీ సంక్రాంతికి ఆ పుస్తకం ముందర నోరు వెళ్ళబెట్టి కూర్చున్నాను.

పుస్తకం సంచిలో పెట్టుకొని, చదివేవారు దొరుకుతారేమోనని చౌడేపల్లె, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు బస్సెక్కినాను. మదనపల్లె అవతల హార్స్‌లీ హిల్స్ వుంది గదా! దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ దొర 1870 ప్రాంతాల చల్లదనం కోసం అక్కడ బంగళా కట్టుకొన్నాడు. మల్లమ్మ కథ కొండమీద గుళ్ళో మిగిలింది, పేరు బస్సు బోర్డు మీద మారిపోయింది. నేను కూడా టిక్కెట్టు అడిగేటప్పుడు హార్స్‌లీ అనే అంటాను.

ఆ వూళ్ళోనే నేను చదివిన కాలేజీ వుంది. దానిని 1915 లో అనిబిసెంటు స్థాపించింది. గుమ్మం దగ్గరి బిళ్ళబంట్రోతు అన్నాను గదా, ఆయన చేయి యెంత పొడుగో తెలియాలంటే మదనపల్లె కథ వినాలి. అంతకు ముందే ఆ చేయి వేరేచోట కనిపించింది. 1905 లో వంగదేశంలో కార్లైలు సర్క్యులరు వచ్చింది. విద్యార్థులు రాజకీయాలలో చేరితే ఆ కాలేజీకి గ్రాంటూ, యూనివర్సిటీ గుర్తింపూ పోతాయని. 1907 లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి మాట్లాడిన తరువాత, వందేమాతరం బిళ్ళలు పెట్టుకొన్నందుకు ట్రెయినింగు కాలేజీ ప్రిన్సిపాలు మార్క్ హంటర్ విద్యార్థులను బయటికి పంపినాడు. వారిలో మన కర్నూలు సీమవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు వొకరు. సర్కారు కొలువుకు యిక పనికిరాడని కూడా శాసించినారు. ఆయన తరువాతి జీవితంలో పెద్దభాగం గ్రంథాలయాలకూ, వయోజనుల చదువుకూ పోసినారు.

1917 జూనులో గవర్నరు పెంట్లండు హోం రూలు వుద్యమం సహించలేక అనిబిసెంటును వూటీలో నిర్బంధించినాడు. సెప్టెంబరులో విడిచిపెట్టక తప్పలేదు. కాని ఆ యేడే మదనపల్లె కాలేజీకి మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పోయింది. హోం రూలు గాలి అక్కడి పిల్లలకూ, పంతుళ్ళకూ సోకిందన్నది నేరం. పోలీసులు రాలేదు, తలుపులు పగలగొట్టలేదు. పాఠాలు అవే, పంతుళ్ళు వాళ్ళే, బల్లలు అవే. వొక్క కాగితంతో ఆ చదువు చదువు కాకుండా పోయింది! యే తల్లిదండ్రులు పొలం తాకట్టుపెట్టి కొడుకును అక్కడ చేర్చినారో, వారి గుండెల్లో యేమి పడి వుంటుందో వూహించుకోండి.

బిసెంటు వూరుకోలేదు. అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం అని వొకటి నిలబెట్టి, రవీంద్రనాథ ఠాకూరును దానికి ఛాన్సలరును చేసింది. మదనపల్లె కాలేజీ వుడ్ నేషనల్ కాలేజీ అనే పేరుతో దానిలో చేరింది. యీ వుడ్ ఎర్నెస్టు వుడ్ అనే దివ్యజ్ఞాన సమాజం మనిషి. 1854 నాటి చార్లెస్ వుడ్ వేరు. వొక వుడ్ వేసిన కంచెను యింకొక వుడ్ పేరుమీద దూకబోయినారన్న మాట.

అక్కడ ప్రిన్సిపాలుగా వుండినవాడు జేమ్స్ కజిన్స్, ఐర్లండు దేశపు కవి. 1916 లో డబ్లినులో జరిగిన తిరుగుబాటును మెచ్చుకొంటూ బిసెంటు పత్రికలో వ్రాసినందుకు ఆ వుద్యోగం పోయి, మదనపల్లెకు వచ్చి పడినాడు. ఆయన పిలుపుమీద 1919 ఫిబ్రవరి చివర రవీంద్రుడు దక్షిణాది ప్రయాణపు అలసట తీర్చుకొనేందుకు మదనపల్లెలో దిగినాడు. వొకరాత్రి పిల్లలూ పంతుళ్ళూ కూడిన పాటల కూటంలో తాను యెప్పుడో కట్టిన వంగ గీతం పాడినాడు. పల్లవి అందరూ అందుకొన్నారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ వరసకు స్వరాలు వ్రాసుకొన్నది. కవి దానిని అక్కడే ఇంగ్లీషులోకి మార్చి, భారతదేశపు ప్రభాతగీతం అని పేరు పెట్టినాడు. 1950 జనవరిలో జాతీయగీతమైన జనగణమన అదే. యూనివర్సిటీ లెక్కలో కాలేజీయే కాని చోట, ఆ పాట అట్లా బాణీ కట్టుకొన్నది.

యిక్కడ వొక చిత్రం చెప్పాలి. మదనపల్లెలోనే 1895 లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, దేశీయమైన చదువు కావాలని పోరిన యీ బిసెంటే 1911 లో ఇంగ్లండు తీసుకుపోయి అక్కడి దొరబిడ్డలా పెంచింది. ఆయన అక్కడి పరీక్షలేవీ గట్టెక్కలేదు. తరువాత మదనపల్లె దాపున రిషివ్యాలీ బడి వెలసింది, ఆయన తలంపుతోనే. మనుషులు వొక్క గీతమీద నడవరు.

జాతీయ విశ్వవిద్యాలయం పట్టా పట్టుకొని పోతే సర్కారు కచేరీలో కుర్చీ దొరకదు గదా! కొన్నేండ్లకు కాలేజీ మళ్ళీ మద్రాసు యూనివర్సిటీ నీడకే చేరింది. నేను నింద వేయను. వేయడానికి నేనెవణ్ణి? నా బి.ఏ. కూడా గుర్తింపు వున్న బి.ఏ.యే.

కజిన్స్ దంపతులకు యీ సంగతులు మనకన్న ముందే తెలిసి వుంటాయి. వారి దేశంలో 1831 లో సర్కారు నేషనల్ స్కూళ్ళు పెట్టింది. పేరుకు నేషనల్, చెప్పింది ఇంగ్లీషు. చాలాచోట్ల పిల్లవాడి మెడలో వొక కర్రముక్క కట్టేవారు. వాడి నోట ఐరిష్ మాట వస్తే కర్రమీద వొక గాటు. సాయంకాలం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. యింట్లో తల్లిదండ్రులు కూడా గాట్లు పెట్టేవారట, పిల్లవాడు బాగుపడాలని.

అది ఐర్లండు, నూటయెనభై యేండ్ల నాటి మాట అని నిట్టూర్చబోతే, 2009 లో మన కడప జిల్లా మైదుకూరులో జరిగిన సంగతి జ్ఞాపకం వచ్చింది. వొక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలక వేలాడదీసినారు. యికమీదట తెలుగు మాట్లాడనని దానిమీద ఇంగ్లీషులో వ్రాసి వుంది. పత్రికల్లో గోల అయింది. ఆ పలక కట్టమని యే దొర తాఖీదు పంపినాడు? నేను మా మనమరాలిని అడిగినాను. తన బడిలో పలక లేదట, తెలుగు మాట్లాడితే పది రూపాయలు జుల్మానా మాత్రమేనట. "మరి మీ నాయన యేమీ అనలేదా?" అన్నాను. "కట్టేసినాడు తాతా" అన్నది.

మదనపల్లెలో వొక స్నేహితుడు, ఆ వ్రాత చదవగలిగినవాడు చౌడేపల్లెలో వున్నాడని చెప్పి నన్ను వచ్చిన దారినే వెనక్కు పంపినాడు. 1984 లో కరణాల పద్ధతి రద్దయ్యేదాకా కరణీకం చేసిన పెద్దాయన. తొంభై దాటినవి. తిరిగి పోయేటప్పుడు అయ్యవారిని కూడా వెంటబెట్టుకొని పోయినాను. పెద్దాయన అద్దాలు తుడుచుకొని, పుస్తకాన్ని యెండలోకి తిప్పి, పాట చదివినట్టు గబగబా చదివేసినాడు. ఆయనకు ఆ గొలుసులో యెక్కడా ముడి పడలేదు.

అయ్యవారి తండ్రి పేరు నాలుగు పుటల్లో వుంది. రాగులు యిన్ని తూములు, బిడ్డ పెండ్లికి రొక్కం యింత, వడ్డీ కింద వీసాలు, పరకలు. కోతలకు కొంత జమ. మళ్ళీ వడ్డీ. నాలుగో పుట చివర పెద్దాయన వేలు ఆగింది.

"విక్రమ సంవత్సరం ఫాల్గుణం. చెల్లు" అని చదివినాడు.

విక్రమ అంటే 1941 మొదటి నెలలు. అప్పు తీరింది అని మా తాత స్వహస్తం.

అయ్యవారు వేళ్ళమీద యేదో లెక్కవేసుకొన్నాడు. "మా నాయన మీ యింటి జీతం మానింది మా పెద్దక్క పుట్టిన తారణ యేడు" అన్నాడు మెల్లగా. "అప్పు యింకా వుండాదని మూడేండ్లు చేసినాడన్నా."

నాకు నోట మాట రాలేదు. పెద్దాయన అద్దాల మీదుగా నన్నొకసారి చూసి, పుస్తకం వైపు తల తిప్పుకొన్నాడు.

కొంతసేపటికి అయ్యవారే జేబులోనుంచి చిన్న నోటుపుస్తకం తీసినాడు. "సామీ, మా నాయన పేరు యేదో వేలు పెట్టి చూపించండి" అన్నాడు. పెద్దాయన చూపించినాడు. అయ్యవారు ఆ పేరును, ఆ గొలుసు తెగకుండా, దిద్దుకొంటున్న పిల్లవాడిలా మెల్లగా చూసి వ్రాసుకొన్నాడు. తరువాత ఆ చివరి మాట కూడా చూపించమని అడిగి, దాన్ని రెండుసార్లు వ్రాసుకొన్నాడు.